ఋతుబాధయు గర్భనిరోధక ఔషధములును: ఎవరికేది తగును?



ఈనాటి నా ప్రసంగవిషయము రచ్చబండమీద నలుగురు కూర్చుండి మాటలాడుకొనునది కాదు. ఇంటిలోనైనను ఆడువారు తమలో తాము చెప్పుకొందురే కాని మగవారి చెవిని వేయరు. అయినను దీనిని పెద్దల యెదుటనే ముచ్చటింపవలెనని నేను కోరితిని. కోడలికి ఆపరేషను చేయింపవలెనా మానవలెనా, ఏ వైద్యుని కడకు తీసికొనిపోవలెను, ఎంత సొమ్ము వెచ్చింపవలెను అను నిర్ణయములు మన పల్లెలలో నేటికిని తఱచుగ పెద్దల నోటనే వెలువడుచున్నవి. నిర్ణయించువారికి విషయము తెలిసియుండుట న్యాయము.

విషయమిది. నెలనెల అధిక రక్తస్రావముచేతనో కడుపునొప్పిచేతనో బాధపడు స్త్రీకిని, బిడ్డకు బిడ్డకు నడుమ ఎడము కోరు స్త్రీకిని ఒకే జాతి ఔషధములు తోడ్పడగలవు. అవియే గర్భనిరోధక హార్మోనులు. ఇవి మాత్రలుగను, సూదిమందుగను, లూపుగను, చేతి చర్మము క్రింద నమర్చు పుల్లగను దొరకుచున్నవి. ఒకరికి మేలుచేసినది మఱియొకరికి కీడు చేయవచ్చును. పొరుగింటి యిల్లాలికి సరిపడినదని మన యింటి కోడలికి తెచ్చియిచ్చుట తగదు. ఎవరికేది తగునో యెఱిగి యెన్నుకొనుట యెట్లో చెప్పుటయే నా యుద్దేశము.

ఈ యెఱుక మనకేల అత్యవసరమో ముందు మనవి చేసెదను. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, పదునైదు మొదలు నలుబదితొమ్మిది యేండ్ల వయసుగల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నూటికి సుమారు ఎనిమిదిమంది. వీరిలో పెక్కుమంది చెప్పిన కారణము అధిక ఋతుస్రావము, నొప్పి. అట్టి ఆపరేషనులలో ఎక్కువభాగము ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. అనవసరముగ గర్భసంచులు తీయుటను అరికట్టుటకై యేర్పడిన మార్గదర్శక సూత్రములను అమలుపఱుపుడని 2023వ సంవత్సరమున సుప్రీముకోర్టు రాష్ట్రములను ఆదేశింపవలసి వచ్చినది.

“బిడ్డలు కలిగిరి, కుటుంబనియంత్రణ ఆపరేషను అయినది, ఇంక ఆ సంచితో పనియేమి?” అను మాట నేను పలుమాఱు విన్నాను. పనియున్నది. గర్భసంచి తీయుట పెద్ద శస్త్రచికిత్స. అండాశయములను ఉంచి సంచిని మాత్రమే తీసినను, కొందఱిలో ఆ అండాశయములు కాలమునకు ముందే ఉడిగిపోవును. వానినిగూడ తీసివేసినచో ముప్పదియైదేండ్ల స్త్రీ ఒక్క దినములో ముట్లుడిగిన ముదుసలి స్థితికి వచ్చును. ఎముకల బలము తగ్గును, గుండెజబ్బు భయము పెరుగును. కాన్సరు వచ్చినప్పుడును, మందులకు లొంగని పెద్ద కణుతులు ఉన్నప్పుడును సంచి తీయించుట తప్పదు, అప్పుడది ప్రాణరక్షణయే. కాని కేవలము అధికస్రావమునకు అది తుది యుపాయము కావలెనే కాని తొలి యుపాయము కారాదు. తొలి యుపాయములను గూర్చి మన పల్లెలకు చెప్పువారు కొఱతవడినందుననే ఇంతమంది తుది యుపాయమునకు పోవుచున్నారు.

ఔషధముల సంగతి తెలియుటకు ముందు ఋతుధర్మ మెట్లు జరుగునో కొంచెము తెలిసికొనవలెను. గర్భాశయమును ఒక మడిగా భావింపుడు. నెల మొదటి సగమున అండాశయమునుండి ఈస్ట్రోజెను అను హార్మోను వెలువడి గర్భాశయపు లోపలి పొరను ఏపుగ పెంచును. ఇది దున్ని యెరువు వేయుట వంటిది. నెల నడుమ అండము విడుదలయగును. పిమ్మట ప్రొజెస్టెరోను అను రెండవ హార్మోను వెలువడి, ఆ పొరను విత్తు నిలుచుటకు అనువుగ పదునుపఱచును. విత్తు నిలువనిచో సుమారు రెండు వారములకు ఈ రెండు హార్మోనులును తగ్గిపోవును. అప్పుడు ఆ పొర ఊడి రక్తముతో వెలికి వచ్చును. ఇదియే ముట్టు. ఆ పొరలో పుట్టు ప్రోస్టాగ్లాండినులను పదార్థములు గర్భాశయమును ముడుచుకొనజేయును. కడుపునొప్పికి ముఖ్యకారణ మదియే. పొర మందమైనకొలది స్రావమును నొప్పియు హెచ్చుట సహజము.

దీనినిబట్టి మన యిండ్లలోని యొక భయము నిరాధారమని తెలియును. ముట్టురక్తము చెడురక్తమనియు, అది నెలనెల బయటికి రాకున్నచో దేహమున నిలిచి విషమగుననియు పెక్కుమంది నమ్ముచున్నారు. హార్మోనులు వాడునప్పుడు ముట్టు తగ్గినను ఆగినను ఎక్కడను రక్తము నిలువయుండదు. ఆ మందు పొరను పెరుగనీయదు కనుక రాలుటకే యేమియు నుండదు. విత్తని చేనికి కోత యేది? అయితే ఏ మందును వాడకయే ముట్టు ఆగినచో అది వేఱు సంగతి. గర్భమో, మఱియొక వ్యాధియో పరీక్షింపించి తెలిసికొనవలెను.

ఎంత స్రావమును అధికమనవలెను? ఆరోగ్యవతికి ఒక ముట్టులో పోవు రక్తము సాధారణముగ 30 మొదలు 40 మిల్లీలీటర్లు. 80 దాటినచో అధికమని వైద్యులు పరిగణింతురు. ఇంటిలో దీనిని కొలువజాలము కనుక గుఱుతులు చెప్పెదను. గంటకో రెండు గంటలకో గుడ్డ లేక ప్యాడు తడిసిపోవుట, రాత్రివేళ లేచి మార్చుకొనవలసి వచ్చుట, పెద్ద పెద్ద గడ్డలు పడుట, ఎనిమిది దినములకు మించి స్రావము నిలువకుండుట, మెట్లెక్కిన ఆయాసము వచ్చుట, మొగము పాలిపోవుట. వీనిలో ఏది కనబడినను “ఆడుదానికి ఇది మామూలే” అని యూరకుండరాదు. పైని చెప్పిన సర్వేలోనే మన దేశపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతగలవారని తేలినది. తిండిలోపము దీనికొక కారణము. నెలనెల కారిపోవు రక్తము మఱియొక కారణము. కూలికి పోయి నాట్లువేయు స్త్రీకి రక్తము తగ్గుట యనగా బలము తగ్గుట, బలము తగ్గుట యనగా కూలి తగ్గుట.

ఇంక ఔషధముల పుట్టుక. మెక్సికో దేశపు అడవులలో మన పెండలము జాతికి చెందిన దుంప యొకటి దొరకును. దానినుండి ప్రొజెస్టెరోనును చౌకగ తీయు మార్గమును రస్సెల్ మార్కర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1940 తరువాతి యేండ్లలో కనుగొనెను. 1951లో మెక్సికో నగరములోని సింటెక్సు సంస్థలో మిరామోంటెస్, జెరాసీ, రోజెన్‌క్రాంజ్ అనువారు నోటిద్వారా మ్రింగినను పనిచేయు నోరెథిస్టెరోనును తయారుచేసిరి. అమెరికాలో పింకస్, రాక్ అనువారు ఇట్టి మందులను స్త్రీలపై పరీక్షించిరి. 1956లో పోర్టోరికో ద్వీపమున జరిగిన పరీక్షలలో పాల్గొన్న పేదస్త్రీలకు విషయము పూర్తిగ తెలుపలేదన్న నింద యీ చరిత్రకు నేటికిని అంటియున్నది. గమనింపదగిన దేమనగా, అమెరికా ప్రభుత్వము 1957లో ‘ఎనోవిడ్’ అను ఆ మొదటి మాత్రను అనుమతించినది ఋతుదోషములకు మందుగనే. గర్భనిరోధమునకు అనుమతి 1960లో వచ్చినది. అనగా ముట్టుబాధను తగ్గించుట ఈ మాత్రకు తరువాత అబ్బిన గుణము కాదు, పుట్టుకతోనే వచ్చినది.

ఆనాటి మాత్రలో ఈస్ట్రోజెను 150 మైక్రోగ్రాములుండెను. నేడు మన ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు మాత్రలో 30 మాత్రమే కలదు. అయిదింట ఒక పాలు. మాత్రలనుగూర్చి పాత తరమువారు చెప్పు భయములలో కొన్ని ఆ పాత మోతాదునాటివి. అయినను నేటి మాత్రలును నిర్భయముగ అందఱును మ్రింగదగినవి కావు. ఆ భేదమును ఇప్పుడు విశదీకరించెదను.

ఈ హార్మోనులు అన్నియు గర్భాశయ ద్వారమునందలి జిగటను చిక్కపఱచి వీర్యమును లోనికి పోనీయవు. లోపలి పొరను పలుచన చేయును. వీనిలో కొన్ని అండము విడుదల కాకుండ ఆపును. పొర పలుచనగుటచేతనే ముట్టు తేలికపడును.

మొదటిది రెండు హార్మోనులు కలిసిన మాత్ర. ప్రభుత్వము ఉచితముగ నిచ్చు ‘మాల-ఎన్’ ఇట్టిదే. పొట్లములో ఇరువదియెనిమిది మాత్రలుండును. ఇరువదియొకటి హార్మోను మాత్రలు, తక్కిన యేడు వేఱు రంగుగల యినుపమాత్రలు. ముట్టు వచ్చిన అయిదు దినములలో మొదలిడి ప్రతిదినము ఒకే వేళకు ఒకటి చొప్పున వేసికొనవలెను. ఇనుపమాత్రల దినములలో కొంచెము స్రావము కనబడును. స్రావము సుమారు సగమునకు తగ్గుట, నొప్పి తగ్గుట, తేదీ తప్పకుండుట దీని సుగుణములు. ముట్లు నిలుకడలేని వారికి ఇది మిక్కిలి అనుకూలము. చాలకాలము వాడినవారిలో అండాశయపు కాన్సరు, గర్భాశయపు లోపలి పొర కాన్సరు తగ్గునని తేలినది. వాడుచున్నంతకాలము రొమ్ము కాన్సరు భయము మాత్రము స్వల్పముగ హెచ్చును. ఒక దినము మఱచినచో జ్ఞాపకమునకు రాగానే వేసికొనవలెను, ఆనాడు రెండైనను సరియే. రెండు మూడు దినములు మఱచినచో ఏడు దినములవఱకు నిరోధు వాడవలెను. తప్పక వేసికొన్నచో ఏడాదికి నూటికి ఒక్కరుకూడ గర్భము ధరింపరు. మఱచుచు వేసికొన్నచో ఏడుగురు ధరింతురు. కావున మతిమఱుపు గలవారికి ఇది తగదు.

ఈ మాత్ర ఎవరికి కూడదు? రక్తపోటు 140/90 దాటినవారికి, సిరలలో రక్తము గడ్డకట్టిన చరిత్ర గలవారికి, పక్షవాతము గుండెజబ్బు వచ్చినవారికి, రొమ్ము కాన్సరు గలవారికి, కాలేయవ్యాధి తీవ్రముగ నున్నవారికి, ఆఱునెలలు నిండని బిడ్డకు పాలిచ్చు తల్లులకు. పార్శ్వపు తలనొప్పి వచ్చుటకు ముందు కన్నులయెదుట మెఱుపులు కనబడువారికిని కూడదు. ముప్పదియైదేండ్లు దాటి పొగత్రాగు స్త్రీకిని కూడదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో అడ్డపొగ త్రాగు ఆడువారు కలరు. వారు ఆ సంగతిని వైద్యునికి దాపఱికము లేక చెప్పవలెను. క్షయకు వాడు రిఫాంపిసిను, మూర్ఛకు వాడు కొన్ని మందులు ఈ మాత్ర శక్తిని తగ్గించును. రక్తము గడ్డకట్టు భయ మెంతయన, మందు వాడని స్త్రీలలో ఏటికి పదివేలమందికి ఇద్దఱు. మాల-ఎన్ వంటి మాత్ర వాడువారిలో అయిదుగురు మొదలు ఏడుగురు. గర్భిణులలో ఇంతకంటెను హెచ్చు. భయము స్వల్పమే, కాని పైని చెప్పినవారికి అది స్వల్పము కాదు.

రెండవది ‘అంతర’ అను సూదిమందు. మూడునెలల కొకమాఱు వేయుదురు. 2017 మొదలు ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగ లభించుచున్నది. ఇందు ప్రొజెస్టెరోను జాతి మందు మాత్రమే యుండును, ఈస్ట్రోజెను లేదు. మాత్రలు జ్ఞాపకముంచుకొనలేనివారికిని, ఈస్ట్రోజెను కూడని పెక్కుమందికిని ఇది యనువైనది. కాన్పైన ఆఱు వారముల పిమ్మట పాలిచ్చు తల్లులు వేయించుకొనవచ్చును. దీనికొక స్వభావము కలదు. మొదటి నెలలలో స్రావము వేళతప్పి చుక్కలుచుక్కలుగ కనబడును. ఏడాది గడచుసరికి సుమారు సగముమందికి ముట్టు పూర్తిగ ఆగిపోవును. ఈ మాట ముందుగ చెప్పకపోవుటచేతనే పెక్కుమంది భయపడి మొదటి సూదితోనే మానివేయుదురు. బరువు కొంత పెరుగవచ్చును. ఎముకల సాంద్రత కొంత తగ్గి, మానిన పిమ్మట మరల కోలుకొనును. మానిన వెంటనే గర్భము నిలువదు. కడపటి సూదినుండి సగటున పదినెలలు పట్టును. త్వరలో బిడ్డను కోరువారు దీనిని తలపెట్టరాదు.

మూడవది హార్మోను లూపు. ఇది మన యాడువారెఱిగిన కాపర్ టి వంటి ఆకారమే కలది, గుణములో దానికి తలక్రిందులు. కాపర్ టి మంచి గర్భనిరోధకమే, కాని స్రావమును నొప్పిని కొంత హెచ్చించును. ఇదివఱకే అధికస్రావము గలవారికి తగదు. హార్మోను లూపు మాత్రము గర్భాశయములోనే కొంచెము కొంచెముగ మందును విడిచి పొరను పలుచన చేయును. స్రావము నూటికి 70 మొదలు 95 వంతులవఱకు తగ్గునని పరిశోధనలలో తేలినది. ఫిన్లండు దేశపు వైద్యుడు తపాని లూక్కాయినెన్ కృషిఫలముగ 1990లో ఆ దేశమున ఇది వాడుకలోనికి వచ్చెను. 2009లో అమెరికా దీనిని అధిక ఋతుస్రావమునకు మందుగ అంగీకరించెను. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చెను. ఒకమాఱు అమర్చినచో అధికస్రావమునకు అయిదేండ్లు పనిచేయును. గర్భనిరోధమునకు ఇంకను ఎక్కువ కాలము నిలుచును. తీసినవెంటనే గర్భధారణశక్తి మరలివచ్చును. మొదటి మూడు మొదలు ఆఱు నెలలు చుక్కస్రావము కనబడును, ఓర్చుకొనవలెను. దీని వెల కొన్నివేల రూపాయలు. అయినను ఆపరేషనుకును, పిదప వారములకొలది పోవు కూలికిని అగు వ్యయముతో సరిపోల్చి చూడుడు.

నాలుగవది పైచేతి చర్మము క్రింద నమర్చు చిన్న పుల్ల. అగ్గిపుల్లంత యుండును, మూడేండ్లు పనిచేయును. గర్భనిరోధమున దీనికి మించినది లేదు. కాని స్రావ మెప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో చెప్పలేము. కేవలము ముట్టుబాధకొఱకు దీని నెన్నుకొనుటకంటె లూపు మేలు.

ఇంకొకటి కలదు. ‘ఛాయ’ అను వారపు మాత్ర. ఇది హార్మోను కాదు, హార్మోనుల పనిని మార్చునది. లక్నో నగరములోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమున నిత్యానంద్ గారును వారి సహచరులును కనిపెట్టినది. 1991లో ‘సహేలి’ యను పేర అంగడికి వచ్చెను. మన దేశపు మేధ ప్రపంచమున కిచ్చిన కానుక యిది. మొదటి మూడునెలలు వారమునకు రెండు, పిమ్మట వారమున కొకటి. ముట్టు తేలికపడును, ఒక్కొక్కప్పుడు ఆలస్యమగును. పాలిచ్చు తల్లులకు పనికివచ్చును. అండాశయములలో నీటిబుడగలు గలవారికిని, కామెర్లు వచ్చి యింకను కోలుకొననివారికిని తగదు.

ఇప్పుడొక యుమ్మడి కుటుంబమును ఊహింతము. ఆ యింట నలుగురు స్త్రీలు కలరు.

పెద్దకోడలికి ముప్పదియెనిమిదేండ్లు. ఇద్దఱు బిడ్డల పిమ్మట కుటుంబనియంత్రణ ఆపరేషను చేయించుకొనెను. పదిదినములు స్రావము, రక్తము ఎనిమిది గ్రాములు, రక్తపోటు 150/100. సంచి తీయింపుడని యెవరో సలహా యిచ్చిరి. ఈమెకు మొదట కావలసినవి స్కానింగు, థైరాయిడ్ పరీక్ష, ఇనుపమాత్రలు. రక్తపోటు కలదు కనుక మాల-ఎన్ కూడదు. పెద్ద కణుతులు లేనిచో హార్మోను లూపు మిక్కిలి తగినది. గర్భనిరోధము ఈమెకు అక్కఱలేకున్నను ఈ మందు అక్కఱకు వచ్చును. పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించుకొన్నవారు హార్మోనులు వాడరాదను నియమ మేదియు లేదు. లూపు వలదన్నచో, స్రావపు దినములలో మాత్రమే వేసికొను ట్రానెక్సామిక్ ఆమ్లపు మాత్రలు కలవు.

చిన్నకోడలికి ఇరువదిమూడేండ్లు, ఒడిలో రెండునెలల బిడ్డ. కలిపిన మాత్ర ఈమెకు ఇప్పుడు కూడదు. అంతర, ఛాయ, హార్మోను లూపు మూడును తగును. రెండేండ్లకే మఱియొక బిడ్డ కావలెనన్నచో సూదికంటె తక్కినవి మేలు.

మనుమరాలికి పదునాఱేండ్లు. నెలకు మూడు దినములు నొప్పితో బడి మానుచున్నది. ఈమెకు మొదట భోజనముతో కూడ వేసికొను నొప్పిమాత్రలు చాలును. చాలనిచో వైద్యుని పర్యవేక్షణలో కలిపిన మాత్ర యీయవచ్చును. “పెండ్లికాని పిల్లకు గర్భనిరోధక మాత్రయా?” అని ఉలికిపడకుడు. ఆ పేరు మందు చేయు పనులలో ఒకదానికి మాత్రమే చెందినది. ఇక్కడ అది నొప్పికి మందు. దానివలన ముందుముందు బిడ్డలు కలుగకపోవుటయు లేదు. మానిన కొద్దికాలమునకే అండము మామూలుగ విడుదలయగును.

అత్తగారికి ఏబదియైదేండ్లు. ముట్లుడిగి అయిదేండ్లైనది. మొన్న మరల రక్తము కనబడెను. ఈమెకు ఈ మందులలో ఏదియు పనికిరాదు. ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడుట, సంగమమువెంట రక్తము పడుట, ముట్టుకు ముట్టుకు నడుమ స్రావము కలుగుట కాన్సరు గుఱుతులు కావచ్చును. తడవుచేయక పరీక్ష చేయింపవలెను. సిగ్గుచేత దాచినచో కాలము మించిపోవును.

ఒకే కప్పు క్రింద నలుగురు, నలుగురికి నాలుగు దారులు. “మంచి మందేది?” అని యడుగుటకు మాఱుగ “ఈమెకు మంచి మందేది?” అని యడుగవలెనని దీని సారాంశము.

మఱియొక సంగతి. పెండ్లి యనియు, వ్రతమనియు, తిరుపతి ప్రయాణమనియు ముట్టు వాయిదాపడుటకు మందులషాపులో మాత్రలు కొనుట మన యిండ్లలో అలవాటైనది. అవియు నోరెథిస్టెరోను మాత్రలే. ఎప్పుడో ఒకమాఱు వైద్యుని యడిగి వాడిన దోషము లేదు. ప్రతి పండుగకును వాడుట, చీటిలేక కొనుట మంచిది కాదు. రక్తము గడ్డకట్టిన చరిత్రగలవారు వానిని ముట్టరాదు. వానిని వేసికొనుచున్నాము కనుక గర్భము రాదని నమ్ముటయు పొరపాటు.

మొదలిడుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. మూడునెలలపాటు ముట్టు వచ్చిన దినములను, స్రావపు హెచ్చుతగ్గులను గోడమీది కాలెండరులో గుఱుతుపెట్టించి దానిని వైద్యునికి చూపింపుడు. రక్తపోటు చూపింపక మాత్రలు మొదలిడరాదు. ఆ పని మీ యూరి యుపకేంద్రములో నిమిషములో అగును. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఈ మందుల నెఱిగినవారే. మొదలిడిన పిమ్మట తలతిప్పుట, వికారము, చుక్కస్రావము వంటి చిన్న బాధలకు మూడునెలలు ఓర్చుకొనుడు. సాధారణముగ అవి సమసిపోవును. కాని పిక్క వాచి నొప్పిపెట్టుట, రొమ్ములో పోటు, ఊపిరాడకుండుట, మునుపెన్నడును ఎఱుగని తలనొప్పి, చూపు మసకబాఱుట, మాట తడబడుట, కడుపులో తీవ్రమైన నొప్పి, వీనిలో ఏది వచ్చినను మందు మాని వెంటనే ఆసుపత్రికి చేరవలెను. ఈ మందులేవియు ఎయిడ్సు వంటి అంటురోగములనుండి కాపాడవు. ఆ పని నిరోధు చేయును.

ఎవరైనను సంచి తీయింపుడని చెప్పినచో మీరు మూడు ప్రశ్నలడుగుడు. స్రావమునకు కారణమేమని తేలినది? మందులతో ప్రయత్నించి చూచితిరా? అండాశయములను ఉంచెదరా, తీసెదరా? ఈ మూడింటికి నిదానముగ సమాధానము చెప్పని చోట తొందరపడక మఱియొక వైద్యుని యభిప్రాయము తీసికొనుడు. ప్రాణాపాయము లేనప్పుడు నెలదినముల ఆలస్యమువలన పోవునదేమియు లేదు.

కడపట ఒక్క మనవి. కుటుంబనియంత్రణ ఆపరేషను చేయించుకొన్న వివాహిత స్త్రీలు ఆంధ్రప్రదేశమున 2019–21 నాటికి నూటికి సుమారు 70 మంది. దేశమంతటి సగటు 38. అనగా మన స్త్రీలలో పెక్కుమందికి మాత్రయో సూదియో లూపుయో ఎన్నుకొను సందర్భమే రాలేదు. ఎన్నిక యను నది లేనిచోట దేహ మొకరిది, తీర్పు మఱియొకరిది అగుచున్నది. మందు మ్రింగవలసినది ఆమె, వికారము పడవలసినది ఆమె, నెలనెల లెక్కపెట్టుకొనవలసినది ఆమె. కావున ఏది తనకు సరిపడినదో చెప్పవలసినదియు ఆమెయే. పెద్దల పని ఆమెను వైద్యురాలి కడకు పంపుట, దారిఖర్చు లిచ్చుట, ఆనాటి యింటిపనిని మఱియొకరికి అప్పగించుట, ఆమె చెప్పినదానిని వినుట. మందు సరిపడలేదని ఆమె చెప్పినచో మఱియొకటి చూచుటకు రెండవమాఱును పంపుడు. ఇంతమాత్రము చేసినచో, మీ యింట ఒక స్త్రీ రక్తమును బలమును నిలుపుకొనును. ఒక్కొక్కచో ఒక ఆపరేషను తప్పిపోవును.